కాలేయ మార్పిడి: మొండి బ్యాక్టీరియాను ముందే పసిగట్టాలి

గంటల తరబడి సాగిన కాలేయ మార్పిడి శస్త్రచికిత్స విజయవంతమైందని వైద్యులు చెప్పగానే రోగి కుటుంబం ఊపిరి పీల్చుకుంటుంది. మన దేశంలో చాలా సందర్భాల్లో కాలేయంలో కొంత భాగాన్ని ఇచ్చేది తల్లో, కొడుకో, భార్యో. అంటే ఒకే ఇంట్లో ఇద్దరికి ఆపరేషన్. ఇంత త్యాగం తర్వాత కూడా తొలి వారాల్లో ఒక గండం పొంచి ఉంటుంది. అదే మందులకు లొంగని బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్. చాలాసార్లు ఆ సూక్ష్మజీవి కొత్తగా వచ్చింది కాదు, రోగి పేగుల్లో ముందే మకాం వేసి ఉంటుంది.

క్లెబ్సియెల్లా న్యుమోనియా, ఇ. కోలై వంటి బ్యాక్టీరియా పేగుల్లో ఉన్నంతవరకు సాధారణంగా హాని చేయవు. కానీ కాలేయం గట్టిపడిన సిర్రోసిస్ రోగుల్లో పేగు గోడల రక్షణ తగ్గుతుంది. పదేపదే ఇన్ఫెక్షన్లు రావడంతో యాంటీబయాటిక్స్ వాడాల్సి వస్తుంది. వాటితో మేలు చేసే బ్యాక్టీరియా నశించి, మొండివి మిగులుతాయి. మార్పిడి తర్వాత శరీరం కొత్త కాలేయాన్ని తిరస్కరించకుండా ఇచ్చే టాక్రోలిమస్, స్టెరాయిడ్ల వంటి మందులు రోగనిరోధక శక్తిని అణచిపెడతాయి. పిత్తనాళాన్ని కలిపిన చోట లీకైనా, రక్తనాళంలో, మూత్రమార్గంలో అమర్చిన గొట్టాలు ఎక్కువ రోజులు ఉన్నా బ్యాక్టీరియాకు దారి దొరికినట్టే.

ఇలాంటి ఇన్ఫెక్షన్లకు వైద్యులు చివరి అస్త్రంగా దాచుకునే మందులు కార్బపెనెమ్‌లు. వాటినీ ముక్కలు చేసే ఎంజైములను కొన్ని బ్యాక్టీరియా తయారుచేస్తాయి. వాటిలో ఒకటైన ఎన్‌డీఎం-1ను 2008లో స్వీడన్‌లో గుర్తించారు. ఆ రోగి అంతకుముందు ఢిల్లీలో చికిత్స పొందారు. ఈ ఎంజైమును తయారుచేసే జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి సులువుగా బదిలీ అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన ప్రాధాన్య జాబితాలో కార్బపెనెమ్‌లకు లొంగని క్లెబ్సియెల్లాదే మొదటి స్థానం.

మరి నివారణ ఎలా? మొదటి మెట్టు ముందస్తు పరీక్ష. మలద్వారం నుంచి దూదిపుల్లతో నమూనా తీసి ల్యాబ్‌లో పరీక్షిస్తే మొండి బ్యాక్టీరియా ఉందో లేదో తెలుస్తుంది. ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు, మార్పిడికి అనర్హులని కూడా కాదు. కానీ ఆపరేషన్ తర్వాత జ్వరం వస్తే ఏ మందు పనిచేస్తుందో ఊహించడానికి ఆ ఫలితం తోడ్పడుతుంది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి చేరాక సరైన మందు ఆలస్యమయ్యేకొద్దీ ప్రాణాపాయం పెరుగుతుంది. ఎన్‌డీఎం రకానికి సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్‌తో పాటు అజ్ట్రియోనామ్ కలిపి ఇస్తారు. అజ్ట్రియోనామ్‌ను ఎన్‌డీఎం ఛేదించలేదు. దాన్ని నాశనం చేయగల ఇతర ఎంజైములను అవిబాక్టమ్ అడ్డుకుంటుంది.

పేగుల్లోని మొండి బ్యాక్టీరియాను యాంటీబయాటిక్స్‌తో ముందే తుడిచిపెట్టవచ్చు కదా అనిపిస్తుంది. అయితే ఆ పద్ధతిని అందరికీ వాడాలని 2019లో వెలువడిన యూరప్ మార్గదర్శకాలు సిఫారసు చేయలేదు. కచ్చితమైన ప్రయోజనం రుజువు కాలేదు, పైగా నిరోధకత మరింత పెరిగే ముప్పుంది.

అందుకే పాత పద్ధతులే ఇప్పటికీ బలమైన రక్షణ. ఒక రోగిని తాకాక మరొకరిని తాకేలోపు చేతులు శుభ్రం చేసుకోవడం, బ్యాక్టీరియా ఉన్నవారికి విడిగా గది, పరికరాలు కేటాయించడం, అవసరం తీరగానే గొట్టాలు తీసేయడం, ఆపరేషన్‌కు ముందు ఇచ్చే యాంటీబయాటిక్స్‌ను రోజుల తరబడి సాగదీయకపోవడం వీటిలో ముఖ్యమైనవి.

కుటుంబం చేయగలిగిందీ ఉంది. మార్పిడి కోసం ఎదురుచూస్తున్నవారు మందుల దుకాణంలో అడిగి యాంటీబయాటిక్స్ కొనుక్కోకూడదు. స్ట్రిప్‌పై ఎర్రగీత ఉంటే అది వైద్యుల చీటీతోనే వాడాల్సిన మందు అని అర్థం. ఇదివరకు ఏ ఆసుపత్రుల్లో ఉన్నారు, ఏ యాంటీబయాటిక్స్ వాడారు, కల్చర్ పరీక్షల్లో ఏం తేలింది అన్న కాగితాలన్నీ భద్రపరిచి మార్పిడి బృందానికి ఇవ్వాలి. ఐసీయూలో రోగిని చూడటానికి వెళ్లేముందు, వచ్చాక చేతులు కడుక్కోవాలి. ఆత్మీయులు ఇచ్చిన కాలేయాన్ని కాపాడుకునే పని ఆపరేషన్ థియేటర్‌కు చేరకముందే మొదలవ్వాలి.