ఆకాశచిత్రమును సరిదిద్దు విధము



గ్రామకంఠమందలి ఇండ్లకును దొడ్లకును కొలతలతో గూడిన పటము పెక్కు గ్రామములలో లేకుండెను. ఆ కొఱత తీర్చుటకై భారత ప్రభుత్వము 2020వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన స్వామిత్వ పథకమును ప్రారంభించెను. డ్రోను అను మనిషిలేని చిన్న విమానము ఊరిపై నెగురుచు ఛాయాచిత్రములు తీయును. అయితే తీసిన చిత్రము తీసినట్లే పటము కానేరదు. దానిని సరిదిద్దవలయును.

ప్రధానమైన దోషము ఎత్తువలన గలుగునది. ధ్వజస్తంభమునకు సరిగా నెత్తిమీదనుండి చూచినచో దాని కొన మాత్రమే కనబడును. ఒక ప్రక్కకు జరిగి చూచినచో అది ఆవలికి వాలినట్లుండును. డ్రోను నేలకు 120 మీటర్ల ఎత్తున నున్నదనుకొనుడు. దాని క్రింది స్థానమునకు 50 మీటర్ల దూరమున 20 మీటర్ల తాటిచెట్టు కలదు. అప్పుడు చెట్టుయొక్క తల, మొదలునకు 10 మీటర్లు ఆవల నేలపై నున్నట్లు చిత్రమున బడును. 20ని 50చే గుణించి, 120లో 20 పోగా మిగిలిన 100చే భాగించినచో ఈ 10 వచ్చును. ఇట్లే ఒకని మేడ పొరుగువాని దొడ్డిలోనికి జొచ్చినట్లు తోచును.

గాలికి డ్రోను ఒఱగుటచే చిత్రము వంకరయగును. కటకముయొక్క గుణముచే అంచులయందలి తిన్నని గీతలు వంగును. ఎండ మాఱినకొలది వన్నెలును మాఱును.

పరిహార మేమనగా, ప్రతి స్థలమును పలు చిత్రములలో బడునట్లు తీయుదురు. రెండు కన్నులచే మనము లోతు నెఱుగునట్లు, ఆ చిత్రములను పోల్చి యంత్రగణకము ప్రతి బిందువుయొక్క ఎత్తును గణించి, దానిని స్వస్థానమున నిలుపును. ఉపగ్రహముల సాయముతో ముందుగా కొలిచిన నేలగుర్తులకు చిత్రమును బంధింతురు. కొన్ని గుర్తులను గణనలో జేర్పక విడిగా నుంచి, ఫలితము వానితో సరిపోవునో లేదో పరీక్షింతురు.

ఇంత చేసినను గణితమునకు లొంగని దొకటి గలదు. చిత్రమున గానరానిదానిని ఏ లెక్కయు జూపజాలదు. ఇంటి చూరు గోడకంటె అర మీటరు ముందునకు వచ్చియున్నచో, పైనుండి కనబడునది చూరేగాని గోడ కాదు. చింతచెట్టు క్రింది కంచెయు నట్టిదే. అందువలననే డ్రోను ఎగురుటకు ముందు సరిహద్దులపై సున్నపుగీతలు గీయుదురు. మఱుగుపడిన చోట్ల నేలపై నిలిచి కొలువవలసినదే.

కావున పెద్దలారా! సున్నము పోయునాడు ఇరుగుపొరుగులను వెంటబెట్టుకొని అచ్చట నుండుడు. ముసాయిదా పటము చూపినప్పుడు గోడ గోడగనే యున్నదా, చూరు గోడయై కూర్చున్నదా యని చూచి, తప్పున్నచో గడువులోపల అభ్యంతరము దెలుపుడు. ఆనాటి ఒక్క మాట, రెండు కుటుంబములను న్యాయస్థానపు మెట్లెక్కకుండ గాపాడును.