ఇందూరు జలములపై చిన్న పడవ

సద్దుల బతుకమ్మ నాటి సాయంకాలము ఇందూరు సీమలో ఏ చెరువుకట్టకు పోయినను ఒక విషయము గమనింపవచ్చును. పూలపళ్లెములు తలకెత్తుకొని వచ్చిన స్త్రీలు కట్ట పొడవునా వెదకులాడరు. నేరుగా ఒక్క తావునకే పోయి నీట దిగుదురు. అచట ఒడ్డు మెల్లగా వాలి యుండును. కాలికి బురద తక్కువగా తగులును. పిల్లలు వెంట నున్నను తల్లులకు బెదురుండదు. నీట విడిచిన బతుకమ్మ ఒరిగిపోక కొంతదూరము నెమ్మదిగా తేలును. ఆ తావును ఏ ఇంజనీరును నిర్ణయింపలేదు. తరతరముల అనుభవమే దాని నెన్నుకొన్నది. చిన్న పడవను నీట దింపదలచిన వానికి ఇంతకంటె మంచి తొలిపాఠము దొరకదు.

కయాకు అను చిన్న పడవ నేడు మన దేశమందలి యువకులను ఆకర్షించుచున్నది. ఇది ఉత్తర ధ్రువప్రాంత వాసులైన ఇన్యుయిటు జాతివారి సృష్టి. చెట్లు మొలవని ఆ మంచునేలలో వారు సముద్రము తెచ్చిపడవేసిన కొయ్యతోను, తిమింగిలపు ఎముకలతోను చట్రము కట్టి, దానిపై సీలు జంతువు చర్మమును బిగించి కుట్టి, వేటకు పోయెడివారు. పడవ నడుమ మనిషి కాళ్లు చాచుకొని కూర్చుండును. రెండు కొనలయందును రెక్కలుగల ఒకే తెడ్డుతో కుడియెడమల మార్చి మార్చి వేయును. 1936లో బెర్లిను ఒలింపిక్కు క్రీడలలో ఈ పడవల పందెములు చేరినవి. జానెడు నీరున్నను అది తేలును. ఒకరిద్దరు మోసికొని పోగలరు. చప్పుడు లేదు, పొగ లేదు.

ఈ పడవ మన ప్రాంతమునకు పూర్తిగా కొత్తదని తలపరాదు. మంజీర, గోదావరుల ఒడ్డున చేపలు పట్టువారి పుట్టి దీనికి దూరపు చెల్లెలే. వెదురుబద్దలతో గంపవలె అల్లి, వెనుకటి కాలమున తోలును, ఇప్పుడు టార్పాలినునో ప్లాస్టిక్కు పట్టనో కప్పి, తారు పూయుదురు. చట్రమునకు చర్మము తొడుగుట అను ఒకే యుక్తి ధ్రువప్రాంతమునను, దక్కనునను వేర్వేరుగా పుట్టినది. పుట్టి గుండ్రముగా నుండుటచే తిరుగును. కయాకు కోసుగా నుండుటచే చీల్చుకొని పోవును. భేద మంతియే. కాని పుట్టి నడుపువానికి తన చెరువు లోతు తెలియును, వల యెచట పరచినదో తెలియును. కొత్త పడవతో వచ్చువానికి ఈ తెలివి లేదు. కావున అతడు మొదట నేర్వవలసినది తెడ్డు వేయుట కాదు, నీటిని చదువుట.

ఇది వినోదమునకు మాత్రమే సంబంధించిన మాట కాదు. వేసవి సెలవులు వచ్చెనన్న చెరువులలోను కాలువలలోను మునిగిపోయిన పిల్లల వార్తలు పత్రికలలో కానవచ్చుచునే యున్నవి. వారిలో పెక్కుమంది అలల హోరులో పోయినవారు కారు. నిశ్చలముగా కనబడిన నీటిలో దిగినవారే. పిల్లలను నీటి దరికి పోనీయకుండుట ఒక మార్గము. కాని చెరువులతో, కాలువలతో అల్లుకొన్న ఈ సీమలో అది సాధ్యమా? ఏ నీరు నమ్మదగినదో, ఏది కాదో తెలియజెప్పుట రెండవ మార్గము. ఈ పని చేయగలవాడు బడిపంతులే.

నిండుకుండ తొణకదని సామెత. కుండ విషయమున అది నిజమే గాని, జలాశయము విషయమున కాదు. నీటిమీద గాలి ఎంతదూరము అడ్డులేక పరుగిడునో, అల అంత పెద్దదగును. అందుచే విశాలమైన నిండు జలాశయము మధ్యాహ్నమునకు తొణకును. నాలుగు దిక్కుల గుట్టలుగల చిన్న చెరువు ప్రశాంతముగా నుండును. గాలి, ప్రవాహము, ఒడ్డు వాలు, తూముల స్థానము అను నాలుగింటిని చూచి గాని నీటి స్వభావమును నిర్ణయింపరాదు.

ఈ లెక్కన చూచినచో నిజామాబాదు పట్టణవాసులకు దగ్గరలోనే రెండు మంచి తావులు కలవు. బాసర త్రోవలో సుమారు 7 కిలోమీటర్ల దూరమున జానకంపేట వద్ద అశోకసాగరము కలదు. నల్లని బండరాళ్ల నడుమ నీరు, నీటి నడుమ సరస్వతీదేవి విగ్రహము, ఒడ్డున తోట. రోడ్డు ప్రక్కనే యుండుటచే పడవను మోయు ప్రయాస లేదు. నీటిలో మునిగియున్న బండల విషయమున మాత్రము జాగ్రత్త వలయును. అదే దిక్కున మరికొంత దూరము పోయిన అలీసాగరము వచ్చును. 1930 ప్రాంతమున నిజాము ప్రభుత్వము నిర్మించిన ఈ జలాశయమునకు అడవియు గుట్టలును కాపు కాచుచున్నవి. గాలి మరుగు ఇచట సహజముగా దొరకును. తొలిసారి తెడ్డు పట్టువానికి ఇట్టి తావులే తగినవి. ఏ చెరువైనను, నీటిపారుదల శాఖవారి అనుమతి గైకొని, మత్స్యకారుల సంఘము వారితో చెప్పి మరి దిగుట మర్యాద, క్షేమము కూడ.

బోధను దారి పట్టినచో కథ మారును. అచటి నీరంతయు ఒక్క మహానిర్మాణపు సంతానము. మంజీర నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరము, నవాబు అలీ నవాజ్ జంగు అను ఇంజనీరు ప్రతిభకు సాక్ష్యము. ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణమున ఇంజనీర్ల దినముగా జరుపుకొందురు. 2 లక్షల 31 వేల ఎకరముల ఆయకట్టు దాని క్రింద ఏర్పడినది. ఆ నీటితో చెరకు పెరిగినది. ఆ చెరకును నమ్మి 1937లో బోధను శక్కర్ నగరమున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది.

ఆ కాలువ చూచుటకు ఎంతో సౌమ్యముగా నుండును. చెరకుతోటల నీడ పడి, అద్దమువలె మెరయుచు, తిన్నగా సాగిపోవును. కొత్తవాని కంటికి పడవకు ఇంతకన్న అనువైన తావు లేదనిపించును. కాని ఈ సీమలో అన్నిటికంటె మోసకారి నీరు ఇదియే. అలలు లేవుగాని వేగము కలదు. కట్టుబడి చేసిన గట్లు నునుపై, పాచిపట్టి, పట్టుకొనుటకు ఆధార మీయవు. ఈత వచ్చినవాడు సహితము పైకి రాలేక అలసిపోవును. కొంతదూరమున తలుపో, తూమో, వంతెన కమ్మియో ఉండనే యుండును. నీరు వదలు వేళ మారినపుడు మట్టము గంటలలో పెరుగును. కాలువలో పడవ దింపరాదు, ఈదరాదు అను నియమమును పిల్లలకు ఎక్కాలవలె నేర్పవలెను.

నిజాంసాగరము మాట వేరు. కట్ట నుండి దూరముగా, వెనుకజలముల పాయలలో శీతకాలపు ఉదయములందు నీరు నిశ్చలముగా నుండును. తొలుత దాని సామర్థ్యము సుమారు 30 టి.ఎం.సి.లు. పూడిక పేరుకొనుటచే తగ్గిపోగా, మట్టము పెంచి 17.8 టి.ఎం.సి.లకు సరిచేసిరి. పూడిక యనగా మెత్తని ఒండ్రు. వేసవిలో నీరు వెనుకకు తగ్గినపుడు ఒడ్డునకును నీటికిని నడుమ ఈ ఒండ్రు పరచుకొనును. పైన ఎండినట్లు కానవచ్చినను అడుగు వేసినచో మోకాటి లోతు దిగును. మంజీర నది మొసళ్లకు కూడ పేరెన్నిక గన్నది; సంగారెడ్డి వద్ద వాటికై 1978లో అభయారణ్యము ఏర్పడినది. కావున ఏ పాయలో దిగవచ్చునో ఊరి జాలరి చెప్పిన పిమ్మటనే దిగవలెను.

మంజీర చివరకు కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. హరిద్ర కూడ చేరుటచే దానిని త్రివేణీ సంగమమందురు. గోదావరి తెలంగాణమున అడుగిడు చోటు ఇదియే. నదిలో ఒక పాత శివాలయము కలదు. ఏటి మట్టము తెలిసికొనుటకు దానికి మించిన కొలబద్ద లేదు. వరదలో అది మునిగిపోవును. నీరు తీసినపుడు మెట్లతో సహా బయటపడును. ఎగువన మహారాష్ట్రమందలి బాభళి ఆనకట్ట ద్వారములు, 2013 నాటి సుప్రీం కోర్టు తీర్పు ననుసరించి, జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు తెరచియుండును. ఆ నాలుగు నెలలు నదిలో చిన్న పడవకు పని లేదు. మార్చి 1న కూడ కొంత నీరు వదలుదురు. ఎచటనో నూరు మైళ్లకు ఆవల కురిసిన వాన, ఇచట నిర్మలాకాశము క్రింద నీటిని పెంచును. ఇది భూగోళపాఠమే, కాని పుస్తకములోకంటె రేవులో నిలిచి చెప్పినచో మరువబడదు.

దిగువన పోచంపాడు వద్ద 1963 జూలై 26న నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసిన శ్రీరామసాగరము కలదు. 42 గేట్ల ఆ ఆనకట్ట వెనుక నీరు సముద్రమువలె విస్తరించును. నందిపేట వైపు ఒడ్డుల వెంబడి ప్రాతఃకాలమున కొద్దిదూరము పోవచ్చును గాని, నడిమికి పోరాదు. సూర్యుడు నెత్తికెక్కుసరికి గాలి లేచును. ఒడ్డు కనబడు మేరలో, గాలికి ఎదురుగా పోయి గాలితో తిరిగివచ్చుట తెలివి. తొలుత గాలితో పోయినవాడు అలసిన చేతులతో దానికెదురు రావలసి వచ్చును.

ఈ అంతటికిని అనువైన కాలము కార్తికము నుండి మాఘము వరకు. చెరువులు నిండి యుండును, గాలి తక్కువ, ఎండ మెత్తన. వేళ సూర్యోదయము నుండి తొమ్మిది గంటల వరకు. ఈత రానివాడు పడవ ఎక్కరాదు; ఈత వచ్చినవాడును తేలుడు చొక్కా విడువరాదు. ఒంటరిగా పోరాదు. దిగుటకు ముందు ఒడ్డున కొంతసేపు కూర్చుండి ఒక ఎండుటాకును నీట విడిచి చూడవలెను. ఆకు ఎటు పోవునో, ఎంత వేగముగా పోవునో అది ఆ నీటి నిజస్వభావమును చెప్పును. ఈ పరీక్షకు ఏ పరికరమును అక్కరలేదు. మూడవ తరగతి పిల్లవాడును చేయగలడు.

బోధను చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. చెరకు తగ్గినది. నీటికిని ఊరికిని గల బంధము కూడ పలుచబడినది. ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, దాటిన పిమ్మట బోడి మల్లయ్య యన్నట్లు, కుళాయి నీరు ఇంటికి వచ్చిన తరువాత పట్టణములు తమ చెరువులకు వీపు త్రిప్పినవి. మురుగు కలిసి, గుర్రపుడెక్క అల్లుకొని, శిఖము భూములు కుదించుకొనిపోయిన చెరువు లెన్నియో. 2015 మార్చి 12న మిషన్ కాకతీయ పథకము నాటి నిజామాబాదు జిల్లా సదాశివనగరముననే ఆరంభమై పెక్కు చెరువుల పూడిక తీయించినది. కాని తీసిన పూడిక మరల చేరకుండ కాపాడునది ప్రభుత్వము మాత్రమే కాదు. ఆ నీటిని రోజూ చూచు కన్నులు కూడ.

పడవ ఎక్కినవానికి ఆ చూపు అలవడును. ఎచట మురుగు దిగుచున్నదో, ఏ మూల గట్టు తెగినదో, ఏ కొంగలు ఈ యేడు రాలేదో ఒడ్డున నిలిచినవానికంటె అతనికి ముందుగా తెలియును. ఒక ఆదివారము ఉదయము పదిమంది విద్యార్థులను వెంటబెట్టుకొని, పడవ లేకున్నను సరియే, ఊరి చెరువు చుట్టు నడచి, తూమెచట, మత్తడియెచట, బతుకమ్మ దిగు రేవెచట అని ఒక పటము గీయించు ఉపాధ్యాయుడు రెండు పనులు చేసినవాడగును. ఆ పిల్లలలో ఎవడును తెలియక తప్పు నీటిలో దిగడు. పెరిగిన పిదప వారిలో ఎవడును ఆ చెరువును తేలికగా పూడ్చనీయడు.