సంచి లేదు సరే, దుమ్ము ఎటు పోతుంది?

రోబో వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టె మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో కనిపించేది ఒక అంకె. 5000 పాస్కల్స్, 8000 పాస్కల్స్, 12000... ఈమధ్య 20000 దాటినవీ వస్తున్నాయి. దుకాణంలో కుర్రాడు ముందుగా వేలు పెట్టి చూపించేదీ దాన్నే. చాలామంది ఏది కొనాలో ఆ అంకె దగ్గరే తేల్చేసుకుంటారు. నన్నడిగితే, ఆ పెట్టె మీద అతి తక్కువగా పనికొచ్చే సమాచారం అదే.

పాస్కల్ పీడనానికి కొలత. సముద్రమట్టం దగ్గర మన చుట్టూ ఉన్న గాలి 101325 పాస్కల్స్ పీడనంతో అన్నిటినీ నొక్కుతూ ఉంటుంది. యంత్రం లోపలి ఫ్యాను అక్కడి గాలిని బయటికి నెట్టేస్తే పీడనం కాస్త తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి బయటి గాలి లోపలికి దూసుకొస్తూ దారిలో ఉన్న దుమ్మును మోసుకొస్తుంది. 8000 పాస్కల్స్ అంటే వాతావరణ పీడనంలో 8 శాతం లోటు. గొట్టంలో నీళ్ళను సుమారు 80 సెంటీమీటర్ల ఎత్తుకు లేపగలదు. వినడానికి బాగానే ఉంది. అయితే ఈ కొలత తీసేది గాలి వచ్చే దారిని పూర్తిగా మూసేసి. కొబ్బరిబోండాంలో స్ట్రా కొస లేతకొబ్బరికి అతుక్కుపోయినప్పుడు బుగ్గలు లోపలికి పోయేంత గట్టిగా లాగుతాం, చుక్క నీళ్ళు రావు. పెట్టె మీది అంకె ఆ స్థితిలో తీసినది. దుమ్మును మోసేది కదిలే గాలి. సెకనుకు ఎన్ని లీటర్ల గాలి కదులుతుందో మాత్రం పెట్టె మీద సాధారణంగా రాయరు.

అసలు శక్తి ఎంతో బ్యాటరీని చూస్తే తెలిసిపోతుంది. వీటిలో ఎక్కువగా ఉండేది 14.4 వోల్టుల లిథియం అయాన్ బ్యాటరీ. 5200 మిల్లీయాంపియర్ అవర్లదైతే అది దాచుకునేది 75 వాట్ అవర్లు. రెండు గంటలు నడిచిందంటే సగటున 40 వాట్లు కూడా వాడలేదన్నమాట. చక్రాలు, బ్రష్షులు, దారి వెతికే లేజరు, అన్నీ అందులోంచే నడవాలి. ప్లగ్గు పెట్టి నడిపే మామూలు వ్యాక్యూమ్ క్లీనర్లలో 1200 వాట్ల మోటార్లు సర్వసాధారణం. కాబట్టి కరెంటు బిల్లు గురించి బెంగ అక్కర్లేదు, నిండా ఛార్జి చేసినా యూనిట్‌లో పదో వంతు కాలదు. సోఫా సందులు, పరుపులు దులిపే పని కూడా ఇదే చేస్తుందని ఆశపడకపోతే చాలు.

ఈ పాస్కల్స్ పోటీ మనది కాదు, తివాచీల దేశాలది. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ పేటెంటు తీసుకున్న తొలితరం వ్యాక్యూమ్ క్లీనర్ గుర్రపుబండి మీద ఊరేగేది. బండిని వీధిలో ఆపి, పొడవాటి గొట్టాలను కిటికీల్లోంచి ఇళ్ళలోకి పంపి తివాచీలు శుభ్రం చేసేవారు. నూలు పోగుల మధ్య ఇరుక్కున్న ఇసుకను లాగడానికి ఆ బలం కావాలి. మన ఇళ్ళలో టైల్సు, మార్బులు, గ్రానైటు. నున్నటి నేల మీద పడి ఉన్న దుమ్ముకు 3000 పాస్కల్స్‌తో వచ్చే గాలే ఎక్కువ. తాండూరు బండలో, షాబాద్ బండలో పరిచిన పాత ఇళ్ళ సంగతి వేరు. బండకీ బండకీ మధ్య సందులు లోతుగా ఉంటాయి, వాటిలో చేరిన మట్టికి కొంచెం గట్టి లాగుడే అవసరం. అక్కడ పెద్ద అంకెకు కాస్త విలువుంది.

నున్నటి నేల మీద గాలికంటే బ్రష్షు ముఖ్యం. పక్కన మూడు కాళ్ళ సాలీడులా తిరిగే చిన్న బ్రష్షు గోడవార దుమ్మును మధ్యకు నెట్టాలి. అది మరీ వేగంగా తిరిగితే రాలిన అన్నం మెతుకుల్ని, పప్పు గింజల్ని గది నాలుగు మూలలకీ ఎగరగొడుతుంది. అడుగున ఉండే పెద్ద బ్రష్షుకు మన ఇళ్ళలో అసలు శత్రువు పొడవాటి జుట్టు. కుచ్చుల బ్రష్షు చుట్టూ వెంట్రుకలు పేనుకుపోతే వారానికోసారి కత్తెరతో కోసి తీయాల్సిందే. రబ్బరు రోలర్లకు ఈ బాధ తక్కువ. ఇంట్లో జడలుంటే నేనైతే పాస్కల్స్ కన్నా ముందు యంత్రాన్ని తిరగేసి రోలరు చూస్తాను. దాన్ని చేత్తో ఊడదీసి మళ్ళీ బిగించగలమా అన్నదీ అక్కడే తెలుస్తుంది.

ఇక సంచి సంగతి. 1907లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం కాంటన్ పట్టణంలో జేమ్స్ మర్రే స్పాంగ్లర్ అనే ఆయన ఒక దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. ఆయనకు ఉబ్బసం. ఊడ్చినప్పుడు లేచే దుమ్ము పడక, ఫ్యాను మోటారుకు చీపురుకర్ర తగిలించి, వెనక దిండుగలీబు కట్టి ఒక యంత్రం చేసుకున్నాడు. ఆ పేటెంటే తర్వాత హూవర్ కంపెనీ చేతికి వెళ్ళింది. అంటే సంచి మొదట వచ్చింది దుమ్మును ముక్కుకు దూరంగా ఉంచడానికే. దానికో లోపం ఉంది. సంచి గుడ్డే జల్లెడ. దుమ్ము నిండేకొద్దీ దాని రంధ్రాలు పూడుకుపోయి గాలి కదలదు. 1970ల చివర్లో ఇంగ్లండులో జేమ్స్ డైసన్‌కు చిరాకు తెప్పించింది ఇదే. రంపపుమిల్లులో పొట్టును గాలి నుంచి వేరుచేసే శంకువును చూసి, దాన్ని ఇంటి యంత్రంలోకి కుదించడానికి ఆయన 5127 నమూనాలు చేశాడు.

ఆ శంకువు మనకు కొత్తదేమీ కాదు. రైస్‌మిల్లు వెనక, పైన వెడల్పుగా కింద సన్నగా ఎత్తున నిలబెట్టి ఉండే రేకు గరాటు అదే. దాని పేరు సైక్లోన్. దుమ్ముతో నిండిన గాలిని పక్కనుంచి లోపలికి వదిలితే గోడవెంట సుడి తిరుగుతుంది. బరువైన రేణువులు వంపు తిరగలేక గోడకు కొట్టుకుని కిందికి జారతాయి, తేలికపడిన గాలి నడిమి గొట్టంలోంచి పైకి పోతుంది. జల్లెడ లేదు కనుక పూడుకుపోవడమూ లేదు. రేణువును గోడవైపు నెట్టే త్వరణం వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. 2 సెంటీమీటర్ల వ్యాసార్ధంలో గాలి సెకనుకు 10 మీటర్ల వేగంతో తిరిగితే అది సెకను వర్గానికి 5000 మీటర్లు, అంటే భూమ్యాకర్షణకు సుమారు 500 రెట్లు. శంకువు ఎంత చిన్నదైతే అంత మంచిది. అందుకే ఒక పెద్ద శంకువుకు బదులు చిన్నవి గుత్తిగా పెడతారు.

500 రెట్లు అంటే దేన్నయినా పట్టేస్తుందనిపిస్తుంది. లెక్క వేరేలా చెబుతుంది. నిశ్చలమైన గాలిలో 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దుమ్ము రేణువు సెకనుకు సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున కిందికి దిగుతుంది. 500 రెట్లంటే సెకనుకు ఒకటిన్నర మీటరు, చిటికెలో గోడకు చేరుతుంది. రేణువు సైజు పదో వంతైతే దిగే వేగం పదో వంతు కాదు, వందో వంతవుతుంది. 1 మైక్రాన్ రేణువు ఆ సుడిలో కూడా సెకనుకు సెంటీమీటరున్నర మాత్రమే జరుగుతుంది. ఈలోగా గాలి శంకువు దాటి వెళ్ళిపోతుంది, దానితోపాటు ఆ రేణువూ. ఊపిరితిత్తుల లోతుకు పోయేవి ఈ చిన్నవే. సైక్లోన్ ఎంత గొప్పదైనా వెనకాల ఫిల్టర్ ఉండాల్సింది ఇందుకే.

ఫిల్టర్ అంటే జల్లెడ అనుకుంటాం గానీ, హెపా ఫిల్టర్ పనిచేసే తీరు విచిత్రంగా ఉంటుంది. దాని నారల మధ్య ఖాళీలు అది పట్టే రేణువుల కంటే పెద్దవే. పెద్ద రేణువులు నార దగ్గర వంపు తిరగలేక గుద్దుకుంటాయి. మరీ చిన్నవి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ ఊగిసలాడుతూ ఏదో ఒక నారకు తగులుకుంటాయి. ఈ రెంటికీ మధ్యన, 0.3 మైక్రాన్ల ప్రాంతంలో ఉండేవే తప్పించుకుంటాయి. ఫిల్టరుకు పరీక్ష పెట్టేది ఆ కష్టమైన సైజుతోనే: ఐరోపా ప్రమాణాల్లో హెచ్13 తరగతి 99.95 శాతం పట్టాలి, ఇ10 తరగతి 85 శాతం పడితే చాలు. పెట్టె మీద ఉత్త 'హెపా టైప్' అని ఉండి తరగతి రాయలేదంటే ఆ మాటకు విలువ లేదు. తరగతి రాసినా, డబ్బా మూత చుట్టూ రబ్బరు అంచు సరిగా కూర్చోకపోతే దుమ్ముగాలి ఫిల్టర్ జోలికి పోకుండా పక్కదారిన బయటపడుతుంది.

ఇప్పుడు 'బ్యాగ్‌లెస్' అన్న ప్రచారాన్ని చూద్దాం. రోబో పొట్టలో ఎలాగూ సంచి ఉండదు. అర లీటరు కూడా పట్టని చిన్న డబ్బా, వెనక ఓ ఫిల్టరు. ఎక్కువ వాటిలో సైక్లోన్ కూడా ఉండదు, చోటు చాలదు. తేడా వచ్చేది ఛార్జింగ్ స్టాండు దగ్గర. ఖరీదైన రకాల్లో రోబో తిరిగొచ్చి స్టాండులో కూర్చోగానే అక్కడి పెద్ద మోటారు దాని డబ్బాలోని దుమ్మును పెద్ద చప్పుడుతో కొన్ని సెకన్లలో లాగేస్తుంది. (పసిపిల్లలున్న ఇంట్లో దీన్ని మధ్యాహ్నం నిద్రవేళకు పెట్టకండి.) ఆ దుమ్ము చేరేది కొన్నిటిలో రెండు మూడు లీటర్ల కాగితపు సంచిలోకి, మరికొన్నిటిలో సైక్లోన్ ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోకి. బ్యాగ్‌లెస్ అంటే ఈ రెండోది.

సంచి రకానికి ఖర్చు ఆగదు. రెండు నెలలకొకటి చొప్పున ఏడాదికి ఆరు సంచులు, అవీ ఆ మోడల్‌కు సరిపోయేవే దొరకాలి. సంచి లేని రకానికి ఆ ఖర్చు లేదు. ఖాళీ చేసేటప్పుడు మాత్రం నెలరోజుల దుమ్ము మన చేతుల్లో, మన ముఖం ముందు తెరుచుకుంటుంది. డబ్బాను చెత్తబుట్ట మీద బోర్లిస్తే పైకి లేచే ఆ పొగలో 10 మైక్రాన్ల రేణువు మీటరు దిగడానికి అయిదారు నిమిషాలు పడుతుంది, 1 మైక్రాన్‌ది దాదాపు 8 గంటలు. అదీ గాలి కదలకపోతే. పైన ఫ్యాను తిరుగుతుంటే ఇక దిగనే దిగదు. నెలంతా యంత్రం పట్టినదాంట్లో కొంత అర నిమిషంలో ఇంటికి తిరిగి ఇచ్చేస్తాం. అందుకని నా అభిప్రాయం ఇది: ఉబ్బసం, ఎలర్జీ ఉన్నవాళ్ళ ఇంట్లో సంచి రకమే మేలు, ఖర్చయినా సరే. తీసేటప్పుడు దాని నోరు మూసుకుపోతుంది, అలాగే పారేయొచ్చు. మిగతావాళ్ళు బ్యాగ్‌లెస్ తీసుకోవచ్చు. కానీ అడుగు మూత ఒక్క మీట నొక్కితే తెరుచుకునేదై ఉండాలి. డబ్బాను చెత్త కవరులోకి దించాకే మూత తెరవాలి. వీలైతే బాల్కనీలో, ముక్కుకు మాస్కు పెట్టుకుని. రోజూ డబ్బా తీసి దులిపే ఓపిక ఉంటే దుమ్ము లాగే స్టాండు లేని చవకరకమూ చాలు; తక్కువ దుమ్ము, తక్కువ పొగ.

దారి వెతుక్కునే విద్య గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అది దాదాపు కుదురుకున్న సాంకేతికత. 2002లో వచ్చిన తొలి రూంబా రోబోకు ఇంటి పటమే ఉండేది కాదు. తగిలితే తిరగడం, సుడులు చుట్టడం, గోడవెంట పోవడం, అంతే. 2010లో నియాటో కంపెనీ సెకనుకు 5 చుట్లు తిరిగే లేజరును పెట్టి డిగ్రీకో కొలత తీయించింది. ఇలా లేజరుతో దూరాలు కొలిచే లైడార్ ఇప్పుడు మధ్యతరగతి ధరల్లోనూ వస్తోంది. నిలువుటద్దాలు నేలదాకా ఉంటే అది తికమకపడుతుంది, యాప్‌లో ఆ చోటికి గీత గీసి ఆపాలి.

మన ఇళ్ళలో చిక్కు వేరే చోట వస్తుంది. మెట్లమీంచి పడకుండా రోబో అడుగున పరారుణ కిరణాల సెన్సర్లుంటాయి; నేల నుంచి కిరణం తిరిగి రాకపోతే అది గొయ్యి అనుకుంటాయి. కడప నల్లబండ, నల్ల గ్రానైటు అంచు ఆ కిరణాన్ని మింగేస్తే రోబో అక్కడే నిలబడిపోతుంది. నల్ల నేల ఉన్నవాళ్ళు వెనక్కి తీసుకునే గడువు ఉన్నచోటే కొని, మొదటి రోజే ఆ గదిలో తిప్పి చూడాలి. గడప ఇంకో అడ్డంకి. చాలా రోబోలు 2 సెంటీమీటర్ల ఎత్తు ఎక్కగలవు. చెక్క గడపలున్న పాత ఇంట్లో ఎత్తుకుని గది మార్చాల్సిందే. లైడార్ బుడిపెతో కలిపి యంత్రం ఎత్తు 10 సెంటీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి కొనేముందు మంచం కింద, బీరువా కింద టేపు పెట్టి చూడండి.

కెమెరా ఉన్నవాటి విషయంలో కాస్త ఆలోచించాలి. 2022 డిసెంబరులో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ ఒక కథనం ప్రచురించింది. పరీక్షల కోసం తయారుచేసిన కొన్ని రూంబాలు తీసిన ఇంటి ఫొటోలు, వాటిలోని వస్తువులకు పేర్లు పెట్టే కాంట్రాక్టు పనివాళ్ళ ద్వారా ఇంటర్నెట్‌లోకి పొక్కాయి. ఒకటి టాయిలెట్ మీద కూర్చున్న మహిళది. అవి అమ్మకానికి పెట్టిన యంత్రాలు కావని, వాడినవాళ్ళు ఒప్పుకున్నారని కంపెనీ చెప్పింది. అయినా వైరు, చెప్పు తప్పించుకోవడానికే కెమెరా అయితే, నేల మీది వైర్లు మనమే తీసి లైడార్ రకం కొనుక్కోవడం నయం. ఆ రూంబా కంపెనీయే 2025 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. కంపెనీ మూతపడి యాప్ ఆగిపోయినా బటన్ నొక్కితే ఊడ్చగలదా అని అడగడం అందుకే చాదస్తం కాదు.

ఇక వాడకం సంగతి. అగరుబత్తి నుసి, ముగ్గుపిండి, గోధుమపిండి ఫిల్టరును చాలా త్వరగా పూడుస్తాయి. పూజగదినీ వంటగట్టు కింది చోటునీ చీపురుకే వదిలేయండి. ఫిల్టరు కడగొచ్చో లేదో దాని మీదే రాసి ఉంటుంది. కడగొద్దన్నదాన్ని కడిగితే నార పాడవుతుంది. కడిగేవాటికి ఆరడానికి 24 గంటలు ఇవ్వమంటారు, వానాకాలంలో అది చాలదు. తడి ఫిల్టరు పెట్టి తిప్పితే దుమ్ము ముద్దకట్టి వాసన కొడుతుంది. కొన్నప్పుడే రెండో ఫిల్టరు తీసుకుంటే ఒకటి ఆరేలోపు రెండోది పనిచేస్తుంది. ఆ మోడల్ ఫిల్టర్లు విడిగా దొరకవని చెబితే ధర ఎంత తగ్గించినా ఆ మోడల్ వద్దు.