ఆంగ్లభాషయందలి ధ్వనివాచకములు - వాని యాంధ్రీకరణము

ఆంగ్లమునుండి తెనుఁగునకుఁ బరివర్తనము చేయువారికిఁ దఱచుగా నెదురగు చిక్కులలో ధ్వనివాచకముల చిక్కొకటి. గంటయు, గొలుసును, గాజుగిన్నెయు, మువ్వయు మ్రోఁగుటకు ఆంగ్లేయుఁడు వేర్వేఱు క్రియలను వాడును. మనవారు వానిలోఁ బెక్కింటికి ‘శబ్దము చేయు’ననియో ‘మ్రోఁగు’ననియో యర్థము వ్రాసి తృప్తినొందుచున్నారు. అట్టి యర్థమును నమ్మి చదివిన బాలుఁడు కథలో మ్రోఁగినది సంకెలయో, పూజగంటయో యెఱుఁగఁజాలఁడు. తెనుఁగున నిట్టి మాటలకుఁ గొఱఁత యున్నదా యని విచారించితిమేని, మన యాలమందలోఁ గాఁపరి మొదలుకొని కంచరివఱకు నెల్లరును దినదినము వాడు మాటలే వందలకొలఁది కలవు. వానిని ఆంగ్లపదములకు సరిగాఁ గూర్చుట కొకమార్గము కావలయును.

మొదట నొక్కవిషయము. ధ్వనిని దెల్పు నాంగ్లపదము లన్నియు ననుకరణముచేఁ బుట్టినవి కావు. సామాన్యవాచకమైన ‘సౌండ్’ అనునది లాటినుభాషయందలి ‘సొనుస్’ అను పదము ఫ్రెంచిభాష ద్వారమున వచ్చినరూపము. తుది డకారము ఆంగ్లమునఁ దరువాతఁ జేరినది. ఆ ‘సొనుస్’ మన స్వనశబ్దమునకు జ్ఞాతి. ‘లౌడ్’ అను విశేషణము ప్రాచీనాంగ్లమున ‘హ్లూడ్’. ఇది శ్రుధాతువుతో నేకమూలమైనది. రూపనిష్పత్తినిఁ బట్టి చూడఁగా మన శ్రుతశబ్దమే యది. వినఁబడినదను నర్థము మనయందుఁ గీర్తికిని విద్యకును దారితీయఁగా, వారియందు బిగ్గఱ యగుటకు దారితీసినది. ‘డిన్’ అనఁగాఁ జెవులు దిమ్మెక్కించు రొద. అది ధునిధ్వనిశబ్దముల కులములోనిది. ‘థండర్’ అను నుఱుముపేరు స్తనయిత్నుశబ్దమునకుఁ జుట్టము. ఆంగ్లమున సకారము లేకుండుట వింతగాదు. వేదమునందును సకారములేని తన్యతుశబ్దము కలదు. ‘టోన్’ అనునది గ్రీకుపదమునుండి వచ్చినది. దాని మూలార్థము లాగి బిగించుట. తన్ ధాతువునుండి తంతువు, తంత్రి మనకు వచ్చినట్లే, బిగించిన నరమునుండి వారికి స్వరమునకుఁ బేరు వచ్చెను.

ఈ జ్ఞాతిత్వము పండితులకుఁ బ్రియమైనదే గాని యందొక గోతి కలదు. ‘మర్మర్’ అను నాంగ్లపదమును జూచినతోడనే మర్మరమని వ్రాయుట పలువురకు నలవాటు. అమరసింహుఁడు శబ్దాదివర్గమున మర్మరమును వస్త్రములయు నాకులయు శబ్దమునకుఁ జెప్పెను. ఆ చప్పుడునకు ఆంగ్లేయులు వాడునది ‘రస్టిల్’. వారి ‘మర్మర్’ సెలయేటి మెల్లని పాఱుదలకును, జనుల గొణుగుడునకును, పైకిఁ జెప్పని సణుగుడునకును జెల్లును. కావున నొకఁడు దొరయెదుట ‘మర్మర్’ చేసెనన్నచో గొణిగెనని వ్రాయవలెను. ఎండుటాకులు ‘రస్టిల్’ చేసినప్పుడే మర్మరమును బిలువవలెను. తెనుఁగే కావలెనన్నచో ‘గలగల’ సిద్ధముగా నున్నది.

ఇఁక ననుకరణజన్యములు. వీనిని గూర్చి మనవారి వాదము మిక్కిలి పాఁతది. కాకశబ్దము పక్షికూఁతకు ననుకరణమనియు, పక్షులపేళ్లలో నిట్టివి విరివిగాఁ గలవనియు యాస్కుఁడు నిరుక్తమునఁ జెప్పెను. అనుకరణమే లేదనియు, తోలివేయఁదగినది కావునఁ గాకమనియు నౌపమన్యవుఁడు వాదించినట్లు నతఁడే తెలిపెను. ఋగ్వేదమును సాయణభాష్యముతోఁ బ్రకటించిన మాక్సుముల్లరు 1861వ సంవత్సరమున లండనులో నిచ్చిన భాషాశాస్త్రోపన్యాసములందు, భాష యనుకరణముచేఁ బుట్టెనను మతమునకుఁ గుక్కయఱపును బట్టి ‘బౌ-వౌ’ సిద్ధాంతమని పేరుపెట్టి పరిహసించెను. అతఁ డీవిషయమున నౌపమన్యవుని శిష్యుఁడనఁదగును. సస్యూరు పండితుని పేర 1916లో వెలువడిన గ్రంథమున నీవాదమునకు మఱియొక బలము చేకూరినది. పావురమునకుఁ బేరైన ‘పిజన్’ లాటినున ‘పీపియో’ అను కిచకిచధ్వనినుండి పుట్టినది. కాలక్రమమున నుచ్చారణము మాఱఁగా నేఁ డాపేరులోఁ బక్షికూఁత యెవరికిని వినఁబడదు. అయినను భాష యూరకుండలేదు. ‘పైప్’ అను మాట యొకప్పుడు ‘పీప్’ వలెఁ బలుకఁబడి పిల్లపక్షుల కూఁతను జక్కఁగాఁ దోఁపించుచుండెను. అచ్చు మాఱి ‘పైప్’ అయినపిమ్మట, కూఁతకొఱకు ‘పీప్’ అను మాట వేఱుగా నిలిచినది. వినికిడి చెడినచోట మరలఁ గ్రొత్తపదమును దెచ్చుకొనుట జీవద్భాషల స్వభావము. నా యభిప్రాయమున యాస్కుఁడే గెలిచెను, కొంచెము గాయపడి.

పనికివచ్చు విషయ మిఁకమీఁదిది. ఆంగ్లానుకరణపదములు వట్టిగా నోటికి వచ్చినట్లు పుట్టినవి కావు. వాని యాదియు, నడుమయు, తుదియుఁ దలకొకపని చేయుచున్నవి. దీనిని మొదట విపులముగాఁ జెప్పినవారిలో జాన్ వాలిస్ ప్రముఖుఁడు. గణితమున ననంతమునకుఁ జిహ్నమును గల్పించినవాఁ డీతఁడే. 1653లోఁ దొలుత వెలువడిన యాంగ్లవ్యాకరణమును లాటినుభాషలో వ్రాసి, యందుఁ బదములయాదిని నిలుచు సంయుక్తాక్షరములకు నర్థచ్ఛాయలు కలవని యతఁడు చూపెను. 1930లో ఫర్తు పండితుఁ డిట్టి యక్షరసముదాయములకొక శాస్త్రనామమును గల్పించెను. ఈ ఫర్తు లాహోరులో నాంగ్లాచార్యుఁడుగా నుండినవాఁడు; 1937లో మరల మనదేశమునకు వచ్చి గుజరాతీ తెలుఁగుభాషలను బరిశీలించినవాఁడు.

తుదియక్షరములను జూడుఁడు. క, ట, ప లతోఁ దటాలున ముగియునవి తెగిన చప్పుళ్లు: ‘క్లిక్’, ‘క్రాక్’, ‘పాట్’, ‘స్నాప్’, ‘టాప్’, ‘క్లాప్’. అనునాసికముతో ముగియు ‘రింగ్’, ‘క్లాంగ్’, ‘ట్వాంగ్’ అనునవి చాలసేపు నిలిచి మ్రోఁగునవి. ‘షు’కారాంతములైన ‘క్రాష్’, ‘స్ప్లాష్’, ‘స్విష్’ అనువానిలోఁ జెదరుటయు వ్యాపించుటయుఁ గలదు. ‘హిస్’, ‘బజ్’, ‘ఫిజ్’ ఊఁదుడుతో సాగునవి. ‘థంప్’, ‘బంప్’ మొద్దుచప్పుళ్లు. మన ‘టక్కు’, ‘ఠప్పు’, ‘ఖంగు’, ‘ఠంగు’, ‘బుస్సు’, ‘దబ్బు’ అనువాని నిదేవరుసలోఁ బెట్టి చూచినచోఁ గంచము క్రిందఁబడినపుడు రెండుభాషలకును జెవి యొక్కటే యని తోఁచును. ఒక చిన్నముచ్చట: అచ్చతెనుఁగున మహాప్రాణములు లేవని లాక్షణికు లందురు గదా, ‘ఖణిల్లు’, ‘ఘల్లు’, ‘ఝల్లు’, ‘ఫెళ్లు’, ‘భగ్గు’ అని పలుకు పామరుని నోట నవి యెక్కడినుండి వచ్చినవో లాక్షణికులే చెప్పవలెను.

తుదిని ‘ల్’ అను ప్రత్యయము చేరినచో నా చప్పుడు మాటిమాటికిఁ గలుగునని యర్థము. ‘క్రాక్’ ఒక్కమాఱు పగులుట. ‘క్రాకిల్’ పలుమాఱు చిటపటలాడుట. ‘రాటిల్’, ‘గర్గిల్’, ‘జింగిల్’ ఈ జాతివే. ‘పాటర్’, ‘చాటర్’, ‘క్లాటర్’ అనువానియందు ‘అర్’ అనునది యాపనినే చేయుచున్నది. మనభాషలో నీభేదమునకు సాధనము ద్విరుక్తి. కొమ్మ ‘ఫెళ్లున’ విఱుగును, మంట ‘ఫెళఫెళ’లాడును, మువ్వ ‘ఘల్లు’మనును, మువ్వలు ‘గలగల’లాడును, పుల్ల ‘చిటుక్కు’మనును, పుల్లలు ‘చిటచిట’లాడును. కావున నాంగ్లపదము ‘ల్’ అంతమో ‘అర్’ అంతమో యైనచోఁ దెనుఁగున జంటమాటయు, కానిచో నొంటిమాటయు వెదకుట సామాన్యముగా సరిపోవును. నేను బడిలో విద్యార్థులకు మొట్టమొదట నేర్పున దీ సూత్రమునే. నిఘంటువు లేకయే వారు సగముపని చక్కఁబెట్టుకొందురు.

అయితే వ్యాకరణమున నొకభేదము మఱవరాదు. ఆంగ్లమున ధ్వనిపదమే నామమును గ్రియయు నగును. తెనుఁగున నది యొంటరిగా నిలువఁజాలక ‘అను’ ధాతువునో ‘ఆడు’ ధాతువునో యూఁతగొనును. తలుపు కిఱ్ఱుమనును, ఆకులు గలగలలాడును. జంటమాటకు అనుటయను నర్థముగల క్రియను జేర్చు నీపద్ధతి యొక్క తెనుఁగునకే గాక, యార్యద్రావిడభేదము లేక హిందూదేశభాషలకు సాధారణమని ఎమెనో పండితుఁడు 1969లోఁ బ్రకటించిన వ్యాసమున నిరూపించెను. ఈభేదమును బాటింపక ‘తలుపు ఒక కిఱ్ఱును ఇచ్చెను’ అని వ్రాయువారి తెనుఁగు తెనుఁగువారికే యర్థముగాదు.

నడిమి యచ్చును గూర్చి స్వల్పముగాఁ జెప్పి విడిచెదను. ఇకారము సన్ననిదానికిని జిన్నదానికిని, అకారాదులు పెద్దదానికిని జెల్లును. చిన్నగిన్నెలు తాఁకిన ‘క్లింక్’. ఇనుపగొలుసు కదలిన ‘క్లాంక్’. 1922లో యెస్పర్సన్ ఇకారముయొక్క యీశక్తిని బ్రత్యేకముగాఁ జర్చించెను. 1929లో సపీర్ పండితుఁడు అర్థములేని ‘మిల్’, ‘మల్’ అను రెండుమాటలను జెప్పి, పెద్దబల్ల యేదని యడుగఁగా నూటికి ఎనుబదిమందికి సమీపముగా ‘మల్’ అనిరి. మన ‘కిఱకిఱ’, ‘కఱకఱ’లను నోట ననుకొని చూచిన నీపరీక్ష యింటనే ముగియును.

జంతువుల కూఁతలలో మనకే సంపద యెక్కువయని చెప్పుటకు వెనుదీయను. అమరకోశమునఁ గరిగర్జితమునకు బృంహితము, గుఱ్ఱపుసకిలింపునకు హేష యని ప్రత్యేకనామములు కలవు. ఆంగ్లమున ‘రోర్’ అను నొక్కక్రియ సింహమునకును, పులికిని, సముద్రమునకును, జనసమూహమునకును, పగలఁబడి నవ్వువానికిని జాలును. తెనుఁగున సింహము గర్జించును, పులి గాండ్రించును, కడలి ఘోషించును, జనులు కోలాహలము చేయుదురు, ఆ నవ్వు అట్టహాసము. పులి ‘గర్జించె’నని వ్రాయుట యాంగ్లపుదారిద్ర్యమును మనము కొనితెచ్చుకొనుటయే. కుక్కవిషయమున మాత్రము వారు మించిరి. ‘బార్క్’ మొఱుగుట, ‘గ్రౌల్’ గుఱ్ఱుమనుట, ‘స్నార్ల్’ పండ్లిగిలించి గుఱ్ఱుమనుట, ‘యెల్ప్’ దెబ్బతిని కుయ్యిమనుట, ‘వైన్’ కుఁయికుఁయిమని దీనముగా మూలుగుట, ‘హౌల్’ ఊళవేయుట. పక్షులలో ‘కుకూ’ను గోయిలయని వ్రాయువారు కొంచెము జాగ్రత్తపడవలెను. రెండు నొకకుటుంబమువే గాని వేర్వేఱు పక్షులు, కూఁతలును వేఱు.

‘లో’, ‘హై’ అను విశేషణములు మఱియొక యుచ్చు. కంఠము ‘లో’ యన్నచో మెల్లనిదియుఁ గావచ్చును, మంద్రస్థాయిదియుఁ గావచ్చును. ధ్వనియొక్క బిగ్గఱతనము వేఱు, స్థాయి వేఱు. దోమ పాట తారస్థాయిది, కాని మెల్లనిది. నగారామ్రోఁత మంద్రము, కాని బిగ్గఱ. సందర్భమును జూడక ‘తగ్గుస్వరము’ అని వ్రాసినచోఁ బాఠకుఁడు రెంటికిఁ జెడును.

తుదకు గంటలమాట. ఆంగ్లమున నింతకంటె సూక్ష్మమైన ధ్వనివిభాగము వేఱొకటి లేదనవచ్చును. దానికిఁ గారణము వారి గ్రామదేవాలయములు. గోపురమునఁ బలుగంటలను గట్టి, వానిని వరుసలు మార్చి మ్రోఁగించుట యచ్చట నొకవిద్య. దానిపై ‘టింటిన్నలాజియా’ అను గ్రంథము 1668లోనే యచ్చుపడినది. గంటలు వడిగా, వరుసగా, నుత్సాహముతో మ్రోఁగుట ‘పీల్’. పెండ్లికిని జయమునకును దగినది. శ్రుతి గూర్చిన గంటలు స్వరములు పలుకుట ‘చైమ్’. చిఱుగంట ‘టింకిల్’ చేయును. ఒక్క పెద్దగంటను జాలసేపటి కొకమాఱుగాఁ గొట్టుట ‘టోల్’. ఆ మ్రోఁత చావును దెలుపునదైనచో ‘నెల్’. ఇంగ్లండునఁ బెక్కుగ్రామములలోఁ బురుషుఁడు పోయిన ముమ్మూఁడు తొమ్మిదిదెబ్బలును, స్త్రీ పోయిన నాఱుదెబ్బలును గొట్టి, పిదప వారి యేండ్లలెక్కను గొట్టు నాచార ముండెను. పొలమున నున్నవాఁడు దెబ్బలు లెక్కించి పోయిన దెవరో పోల్చుకొనుచుండెను.

మన పాఠశాలలలోఁ జిరకాలము చదువఁబడిన గ్రే కవి స్మశానకావ్యము 1751లో వెలువడినది. దాని యారంభమున వినవచ్చు సాయంకాలపు గంటకుఁ గవి వాడిన క్రియ ‘టోల్’, నామము ‘నెల్’. దీనిని ‘గంట గణగణ మ్రోఁగెను’ అని తెనిఁగించినచో శ్మశానమునఁ బెండ్లివాద్యము పెట్టినట్లగును. గణగణ ‘పీల్’కుఁ దగినది. ఇచ్చట నొంటిమాటయే కావలెను: ఉండియుండి గంట ‘ఠంగు’మనెను. శవము వెంబడి శంఖమును జేగంటయు మ్రోఁగుట విన్న తెనుఁగుపల్లెల బాలునకు, ఆ నడిమి నిశ్శబ్దమును వేఱుగా వివరింపఁ బనిలేదు.