సియాటిల్ కౌన్సిల్‌లో క్షమా సావంత్ పదేళ్లు

క్షమా సావంత్ 2014 నుంచి 2023 దాకా అమెరికాలోని సియాటిల్ నగర కౌన్సిల్ సభ్యురాలు. తొమ్మిది మంది ఉండే ఆ సభలో సోషలిస్టు ఆమె ఒక్కరే. అయినా ఆమె పట్టుబట్టి సాధించిన చట్టాలు ఆ నగరం ఎల్లలు దాటి చర్చకు వచ్చాయి.

ఆమె 1973లో పుణెలో పుట్టి, ముంబయిలో పెరిగారు. తల్లి స్కూలు ప్రిన్సిపాల్. క్షమాకు పదమూడేళ్లప్పుడు, తాగి బండి నడిపిన ఒకరి వల్ల జరిగిన ప్రమాదంలో తండ్రి చనిపోయారు. ముంబయి యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదివి అమెరికా వెళ్లిన ఆమెకు, అంత కలిగిన దేశంలో ఇంత పేదరికం ఎందుకన్న ప్రశ్న పట్టుకుంది. దాంతో దారి మార్చి నార్త్ కరోలినాలో ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. తర్వాత సియాటిల్‌లో కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకు పాఠాలు చెప్పారు. 2012లో సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్ర శాసనసభకు పోటీ చేసి ఓడిపోయారు. మరుసటి ఏడాదే, పదహారేళ్లుగా కౌన్సిల్‌లో పాతుకుపోయిన రిచర్డ్ కాన్లిన్‌ను ఓడించారు.

అప్పట్లో కౌన్సిల్ సభ్యులకు ఏటా సుమారు లక్షా ఇరవై వేల డాలర్ల జీతం ఉండేది. సగటు కార్మికుడికి వచ్చేదెంతో అంతే చాలంటూ ఆమె 40 వేలు ఉంచుకుని, మిగతాది ఉద్యమాలకు ఇచ్చేవారు.

ఎన్నికల్లో ఆమె ప్రధాన నినాదం గంటకు 15 డాలర్ల కనీస వేతనం. అప్పటికి వాషింగ్టన్ రాష్ట్రంలో అది పది డాలర్ల లోపే. ఫాస్ట్‌ఫుడ్ కార్మికులు సమ్మెలతో రోడ్డెక్కిన సమయమది. వాళ్ల గొంతును ఆమె సభలోకి తెచ్చారు. 2014 జూన్ 2న కౌన్సిల్ ఏకగ్రీవంగా చట్టం చేసింది. కానీ ఆ వేతనం అమలుకు పెద్ద కంపెనీలకు కూడా ఏళ్ల తరబడి గడువివ్వడాన్ని ఆమె వ్యతిరేకించారు. అది ఆమె తీరు: బయట జనం ఒత్తిడి లేనిదే లోపల ఓట్లు రాలవన్నది ఆమె నమ్మకం, ఈ చట్టం విషయంలో అది నిజమైంది కూడా.

అన్నిసార్లూ గెలుపు దక్కలేదు. ఇళ్లు లేనివారి కోసం పెద్ద కంపెనీలపై వేసిన పన్నును 2018లో కౌన్సిల్ నెల తిరక్కుండానే రద్దు చేసింది. రద్దు వద్దన్న ఇద్దరిలో ఆమె ఒకరు. 2019 ఎన్నికల్లో అమెజాన్ పది లక్షల డాలర్లకు పైగా కుమ్మరించినా ఆమె గెలిచారు. నిబంధనలు మీరారన్న ఆరోపణలతో 2021 డిసెంబరులో ఆమెను పదవి నుంచి దించడానికి ఓటింగ్ పెట్టారు. సుమారు మూడు వందల ఓట్ల తేడాతో గట్టెక్కారు.

తెలుగువారికి బాగా దగ్గరగా తగిలేది చివరి ఏడాది పని. ఆమెది బ్రాహ్మణ కుటుంబం. తాను ఎంతో ప్రేమించిన తాతయ్య పనిమనిషిని కులం పేరుతో కించపరుస్తూ పిలవడం ఆరేళ్ల వయసులో విన్నారు. అలా ఎందుకు పిలుస్తావని అడిగితే, ఎక్కువ మాట్లాడుతున్నావన్నాడట తాతయ్య. ఆ పిల్ల అడిగిన ప్రశ్న నాలుగు దశాబ్దాల తర్వాత చట్టసభ ముందుకొచ్చింది. 2023 ఫిబ్రవరి 21న, అంబేద్కరిస్టు సంఘాల అండతో, ఉద్యోగాల్లో, ఇళ్ల అద్దెల్లో, బహిరంగ ప్రదేశాల్లో కులవివక్షను నిషేధించే ఆర్డినెన్సు 6-1తో నెగ్గింది. అమెరికాలో ఏ నగరమైనా ఇలాంటి చట్టం చేయడం అదే మొదలు. ఇది హిందువులనే వేలెత్తి చూపుతుందని కొన్ని సంఘాలు వ్యతిరేకించాయి. అయితే చట్టంలో ఏ మతం పేరూ లేదు. జాతి, లింగం వంటి రక్షణల సరసన కులాన్నీ చేర్చారు, అంతే.

దీని పరిధి సియాటిల్ వరకే. మైక్రోసాఫ్ట్ ఉన్న రెడ్మండ్‌కు ఇది వర్తించదు. అమెజాన్ ప్రధాన కార్యాలయానికి వర్తిస్తుంది. ఆ ఏడాది సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరం ఇదే బాట పట్టింది. రాష్ట్రమంతటికీ తెచ్చిన బిల్లును మాత్రం గవర్నర్ గావిన్ న్యూసమ్ అక్టోబరులో వీటో చేశారు. క్షమా మళ్లీ కౌన్సిల్‌కు పోటీ చేయలేదు; కార్మికులను కూడగట్టే ‘వర్కర్స్ స్ట్రైక్ బ్యాక్’ ఉద్యమంలోకి వెళ్లారు.