సమాధి, శిల్పం, పదం: అశ్వసామగ్రి అధ్యయనంలో మూడు ఆధారాలు (లేపాక్షి - పెనుకొండ ప్రాంతాల దృష్టితో)

వ్యాస సంగ్రహం:
మధ్య ఐరోపాలోని అవార్ జాతి సమాధుల్లో రికాబులు, కళ్లెపు ముక్కలు, తోలు పట్టీల మీది లోహపు బిళ్లలు విరివిగా దొరికాయి. మధ్యయుగపు తెలుగునాట రౌతును గుర్రంతో, సామగ్రితో పూడ్చిపెట్టే ఆచారం కనిపించదు. కనుక ఇక్కడి అశ్వసామగ్రి చరిత్రకు వీరగల్లులు, ఆలయ శిల్పాలు, విదేశీయుల వర్ణనలు, నిఘంటువులు ఆధారం కావాలి. ఈ ఆధారాలు ఒక్కొక్కటీ దేనిని చెబుతుంది, దేనిని దాస్తుంది అనే విషయాన్ని వివరించడం, ప్రాచీన పద్యాల అర్థనిర్ణయానికి ఆ వివేచన ఎందుకు అవసరమో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అశ్వసామగ్రి, అవార్ సమాధులు, వీరగల్లు, అంకవన్నె, పల్లము, పక్కెర, పెనుకొండ, లేపాక్షి.

1. ఉపోద్ఘాతం:
పరిశోధన తొలిరోజుల్లో ఒక యుద్ధవర్ణన చదువుతూ ‘పల్లము’ అనే మాట దగ్గర నేను పొరబడ్డాను. గుర్రం పల్లపు నేలలోకి దిగిందని అర్థం రాసుకున్నాను. కవి ఉద్దేశించింది జీనును. సంస్కృతంలో పర్యాణము, ప్రాకృతంలో పల్లాణము, కన్నడంలో హల్లణ అయిన మాటకే తెలుగులో పల్లము అని రూపం. నేటి వాడుకలో ‘మిట్టపల్లాలు’ అన్నప్పటి పల్లమే మనకు తెలుసు కాబట్టి రెండోది చెవికి ఆనదు. వ్యాకరణపరంగా పద్యం చక్కగా అన్వయిస్తుంది. అర్థం మాత్రం తప్పుతుంది. వస్తువు కనుమరుగైతే మాట ఎలా మూగబోతుందో ఆ పొరపాటు నాకు నేర్పింది.

గుర్రం మన కావ్యాల్లో అడుగడుగునా కనిపిస్తుంది. దాని జాతులు, సుళ్లు, నడకల గురించి మనుమంచి భట్టు వంటివారు తెలుగులోనే అశ్వశాస్త్రం రచించారు. అయినా గుర్రం మీద వేసే సామగ్రి గురించి మన పరిశోధనలో చర్చ తక్కువ. ఈ లోటు స్పష్టంగా తెలియాలంటే ఆ సామగ్రి నేలలో భద్రంగా మిగిలిన ఒక ప్రాంతాన్ని ముందుగా చూడాలి.

2. అవార్ సమాధులు చెప్పినది:
అవార్లు తూర్పు గడ్డిమైదానాల నుంచి వచ్చిన ఆశ్వికులు. క్రీ.శ. 568 నాటికి నేటి హంగరీ కేంద్రంగా ఉన్న కార్పాతియన్ లోయలో స్థిరపడ్డారు. 626లో కాన్‌స్టాంటినోపుల్ ముట్టడిలో పాల్గొన్నారు. 790ల నాటి ఫ్రాంకుల దండయాత్రలతో వారి రాజ్యం కూలిపోయింది. వారి చరిత్రను ఎక్కువగా శత్రువులే రాశారు. వారి జీవితం గురించి వేలాది సమాధులు మాత్రం సాక్ష్యం పలుకుతున్నాయి.

కొన్ని సమాధుల్లో మనిషితో పాటు గుర్రాన్ని పూర్తిగా పూడ్చారు. మరికొన్నింటిలో గుర్రపు తల, కాళ్లు మాత్రమే ఉంటాయి. అస్థిపంజరానికి ఇరువైపులా ఒక్కొక్క ఇనుప రికాబు, పళ్ల దగ్గర కళ్లెపు ఇనుము, నుదుటి మీద, రొమ్ము మీద పట్టీల బిళ్లలు కనిపిస్తాయి. తోలు కుళ్లిపోతుంది, జీను కొయ్య మట్టిలో కలుస్తుంది. కాని బిళ్లలు పడి ఉన్న వరుసను బట్టి పట్టీ ఏ దారిన సాగిందో పురావస్తు శాస్త్రజ్ఞుడు గీసి చూపగలడు. రికాబులు జతగా వాడేవారనీ, అవి జీనుకు రెండు పక్కలా వేలాడేవనీ ఊహతో పని లేకుండా తెలుస్తుంది.

రికాబు అవార్లు కనిపెట్టినది కాదు. చైనాలోని చాంగ్షా వద్ద 302 నాటి సమాధిలో దొరికిన మట్టిబొమ్మ గుర్రానికి ఒక పక్కనే చిన్న రికాబు ఉంది. అది గుర్రం ఎక్కడానికి ఊతం మాత్రమే. జంట రికాబుల సాక్ష్యం చైనాలో ఆ తరువాతి దశాబ్దాలలోనే కనిపిస్తుంది. తూర్పున పుట్టిన ఈ పరికరాన్ని ఐరోపాకు చేర్చినవారు అవార్లని పలువురి అభిప్రాయం. బైజాంటియం చక్రవర్తి మారిస్ పేరిట ప్రచారంలో ఉన్న ‘స్ట్రాటెజికాన్’ అనే యుద్ధశాస్త్రగ్రంథం జీనుకు రెండు ఇనుప రికాబులు ఉండాలని విధించింది. అక్కడ రికాబుకు వాడిన గ్రీకు మాట ‘స్కాలా’కు మెట్టు అని అర్థం. ఎక్కడానికి ఊతంగా మొదలైన వస్తువు చరిత్రను ఆ మాట తనలో దాచుకుంది.

అయితే సమాధి కూడా పూర్తి సత్యం చెప్పదు. చనిపోయినవాడు రోజూ వాడినదేదో అది చెప్పదు. బంధువులు అతనితో పంపదలచినది మాత్రమే చూపుతుంది. వెండిపూత బిళ్లలున్న సమాధి హోదాను తెలుపుతుంది, కాని మామూలు రౌతు వాడిన తాటి కళ్లెం అక్కడ మిగలదు.

3. మన నేలలోని సమాధులు:
దక్కనులో గుర్రపు సామగ్రి గల సమాధులు అసలు లేవనుకోవడం తప్పు. విదర్భలోని మాహుర్‌ఝరి, నాయకుండ్ శిలావలయ సమాధుల్లో గుర్రపు ఎముకలు బయటపడ్డాయి. మాహుర్‌ఝరిలో గుర్రపు ముఖానికి తొడిగే రాగి అలంకారం కూడా లభించింది. కొన్ని ఎముకల మీది కోతగుర్తులను బట్టి గుర్రాన్ని బలి ఇచ్చి ఉంటారని పరిశోధకులు భావించారు. ఇవి క్రీస్తు పూర్వపు ఇనుపయుగానివి, అంటే అవార్ల కంటే ఎన్నో శతాబ్దాల ముందువి.

అనంతపురం ప్రాంతంలోనూ బృహచ్ఛిలా సమాధులు విస్తారంగా ఉన్నాయి. కళ్యాణదుర్గం దగ్గరి ముదిగల్లు అందుకు ప్రసిద్ధం. జనం వీటిని రాకాసి గుళ్లు, పాండవ గుళ్లు అని పిలుస్తారు. ఈ సంప్రదాయం ఆగిపోయాక మృతవీరుని స్మృతి నేల లోపలి నుంచి నేల మీదికి వచ్చింది. అదే వీరగల్లు.

4. శిల్పం: వీరగల్లు నుంచి విజయనగరం దాకా:
మడకశిర ప్రాంతంలోని హేమావతి నొళంబుల రాజధాని. నొళంబ, గంగ రాజ్యాల పోరు ఈ నేలంతటా వీరగల్లులను నాటింది. వాటిలో ప్రసిద్ధమైనది బెంగళూరు సమీపంలోని బేగూరు శిల. అయ్యపదేవునికి తోడుగా వెళ్లి తుంబెపాడి వద్ద వీరమహేంద్రునితో పోరాడి మరణించిన నాగత్తరుని స్మారకం అది. ఏనుగుతో, ఆశ్వికులతో యుద్ధరంగం మొత్తం ఆ రాతి మీద పరచుకుని ఉంది.

వీరగల్లు సాధారణంగా అంతస్తులుగా ఉంటుంది. అడుగున పోరు, నడుమ వీరుని అప్సరసలు తీసుకుపోవడం, పైన శివసన్నిధి. మన శ్రద్ధ అడుగు అంతస్తు మీద నిలవాలి. రౌతు పాదం గాలిలో వేళ్లు దించి వేలాడుతోందా, సమతలంగా ఆనుకుని ఉందా? మోకాలు మడిచి ఉందా? పాదం కింద వలయం చెక్కారా? రొమ్ము పట్టీ, తోక కింది పట్టీ ఉన్నాయా? ఈ ప్రశ్నలకు జవాబులను ఊరు, కాలం, శాసనపాఠంతో కలిపి నమోదు చేస్తే అవార్ సమాధుల పట్టికలకు దీటైన పట్టిక మనకూ తయారవుతుంది.

పాదం విషయంలో మరొక జాగ్రత్త కావాలి. సాంచి, భాజా శిల్పాల్లో కాలి బొటనవేలు మాత్రమే దూర్చే తాటి ఉచ్చు వంటి ఊతం కనిపిస్తుందని చరిత్రకారులు గుర్తించారు. ఇది చెప్పులు లేని పాదానికి, వేడి దేశానికి తగిన ఏర్పాటు. కనుక లోహపు వలయం కనిపించనంత మాత్రాన రౌతుకు ఊతమే లేదని తీర్మానించరాదు. శిల్పి సన్నని తాటిని చెక్కకుండా రంగుతో చూపి ఉండవచ్చు. రంగు పోయిన తరువాత మనకు ఖాళీ రాయి మిగులుతుంది.

విజయనగర కాలానికి వచ్చేసరికి ఆధారాలు చిక్కబడతాయి. హంపిలోని హజార రామాలయ ప్రాకారం మీద గుర్రాల వరుసలు సాగుతాయి. శ్రీరంగంలోని శేషరాయ మండపంలో స్తంభాల గుర్రాలు ముందుకాళ్లెత్తి దూకుతాయి. లేపాక్షి వీరభద్రాలయం అచ్యుతదేవరాయల (1529-1542) కాలానిది. దానిని కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు పెనుకొండ కేంద్రంగా ఉన్న పాలనకు చెందినవారు. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ విజయనగరంలో ఉన్నాడు. రాయలు ఏటా 13,000 హోర్ముజ్ గుర్రాలను, వాటితో పాటు దేశవాళీ గుర్రాలను కొనేవాడని ఆయన రాశాడు. సంఖ్యలో అతిశయోక్తి ఉన్నా రాజ్యాదాయంలో గుర్రానికి పోయే వాటా ఎంతటిదో దానివల్ల తెలుస్తుంది. ఆలయం కట్టిన కాలం, గుర్రాలు కొన్న కాలం ఒకటే. రేవులను వృద్ధి చేసి గుర్రాలు, ఏనుగులు దిగుమతి అయ్యేలా చూడాలని ‘ఆముక్తమాల్యద’ రాజనీతి భాగంలో కృష్ణదేవరాయలు చెప్పడం ఈ నేపథ్యంలోనిదే.

నూనిజ్ కంటే కొంత ముందు వచ్చిన డొమింగో పేయిస్ మహర్నవమి ఉత్సవపు గుర్రాలను వర్ణించాడు. పట్టు, మఖమలు కప్పులు, తల మీద వెండి, బంగారుపూత రేకులు, పేనిన పట్టుతాళ్ల పగ్గాలు అందులో ఉన్నాయి. మాహుర్‌ఝరి రాగి ముఖాలంకారం, అవార్ల నుదుటి బిళ్లలు, మహర్నవమి తల రేకులు ఒకదాని నుంచి ఒకటి పుట్టినవని అనలేం. కాని గుర్రపు ముఖం యజమాని హోదాను ప్రకటించే చోటు అన్న భావన మూడింటిలోనూ ఉంది. ఉత్సవ వర్ణనను చూసి యుద్ధాశ్వమూ అలాగే ఉండేదని అనుకోవడం సమాధిని చూసి నిత్యజీవితాన్ని ఊహించడం వంటి పొరపాటే.

లేపాక్షి చిత్రాలలోని చీరల అంచులు, తలపాగాలు, ఆభరణాల మీద ఎంతో పరిశీలన జరిగింది. నేతకారులు ఆ నమూనాలను నేటికీ వాడుతున్నారు. పెనుకొండ, హేమావతి, లేపాక్షి పరిసరాల రాతిశిల్పాలలోని అశ్వసామగ్రికీ ఆ శ్రద్ధ దక్కవలసి ఉంది.

5. పదం: నిఘంటువు అనే నిక్షేపం:
తెలుగులో అశ్వసామగ్రి పదాలను రెండు పొరలుగా చూడవచ్చు. పాతపొరలో పల్లము, పక్కెర, కళ్లెము, వాగె, అంకవన్నె ఉన్నాయి. పక్కెర గుర్రపు కవచం, సంస్కృత ప్రక్షరానికి తద్భవం. అంకవన్నె అంటే రికాబు. కన్నడంలో అంకవణి, తమిళంలో అంగవడి దీనికి సోదర రూపాలు. మూడు భాషల్లోనూ ఒకే మాట ఉండడం వల్ల దక్షిణాదిలో ఈ వస్తువు ఎల్లలు దాటి పంచుకున్నదని తెలుస్తుంది. కొత్తపొరలో జీను, లగాము, రికాబు, చబుకు ఉన్నాయి. ఇవి పారసీకం ద్వారా వచ్చినవి.

రికాబు అనే మాట కొత్తది కాబట్టి ఆ వస్తువు కూడా సుల్తానులతోనే వచ్చిందని కొందరు తొందరపడతారు. అంకవన్నె అన్న పాతమాట పక్కనే ఉన్నప్పుడు ఆ వాదం నిలవదు. మారినది వస్తువు కాదు, అశ్వదళంలో మాట్లాడే భాష. రెండవ దేవరాయలు (1424-1446) తన సైన్యంలో ముస్లిం ఆశ్వికులను, విలుకాండ్రను చేర్చుకున్నాడని ఫిరిస్తా రాశాడు. గుర్రాలు హోర్ముజ్ నుంచి, శిక్షకులు పశ్చిమం నుంచి వచ్చినప్పుడు సామగ్రి పేర్లూ వారి నోటి నుంచే వస్తాయి. ఢిల్లీ, బహమనీ పాలకులను అశ్వపతులని, ఒడిశా రాజులను గజపతులని, విజయనగర రాజులను నరపతులని మన సాహిత్యం వ్యవహరించడంలోనే ఆశ్విక బలం ఎవరి సొత్తుగా భావించారో ఉంది.

ఉద్యోగనామాలు కూడా ఈ నిక్షేపంలోనివే. రాజపుత్ర శబ్దం నుంచి రాహుత్తు, రౌతు వచ్చాయి. కాకతి గణపతిదేవుని కాలపు కాయస్థ నాయకుడు గంగయ సాహిణి పేరులోని సాహిణి గుర్రాల, ఏనుగుల దళాలను నడిపే అధికారికి చెప్పే మాట. నృత్తరత్నావళి కర్త జాయప గజసాహిణి.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. కళ్లెం నేటికీ బతికి ఉంది. నోటికి కళ్లెం వేయమంటాం, ధరలకు కళ్లెం పడలేదంటాం. లాడం ఎద్దు కాలికి మారి మిగిలింది. అంకవన్నె మాత్రం నిఘంటువుకే పరిమితమైంది. కళ్లెం గుర్రాన్ని చూసిన ప్రతివారికీ కనిపించేది. అంకవన్నె గుర్రం ఎక్కినవానికే తెలిసేది. ఎక్కినవారు కొద్దిమంది. పలుకుబడిలో మిగలడం జనం చూపు మీద ఆధారపడినట్లుంది. అంటే నిఘంటువు కూడా సమాధి వలెనే కొన్నింటిని ఎంచి నిలుపుతుంది.

6. ముగింపు:
సమాధి వస్తువును యథాతథంగా ఇస్తుంది, వాడుకను చెప్పదు. శిల్పం వాడుకను చూపుతుంది, సంప్రదాయానికి లొంగి సన్నని వివరాలను వదిలేస్తుంది. పదం వివరాన్ని, రాకపోకలను చెబుతుంది, ఆకారాన్ని చూపదు. అవార్ పరిశోధకులకు మొదటిది పుష్కలంగా ఉంది, కాని అవార్ భాష దాదాపు పూర్తిగా పోయింది. వారి రౌతు తన రికాబును ఏమని పిలిచాడో నేడు ఎవరికీ తెలియదు. మనకు ఇనుము మిగలలేదు కాని అంకవన్నె అన్న పేరు మిగిలింది. ఇది చిన్న సంపద కాదు.

ఆ సంపద తరిగిపోతోంది. ఊరి పొలిమేరల్లోని వీరగల్లులను జనం దేవుళ్లుగా కొలుస్తున్నారు. ఆ భక్తివల్లనే అవి నిలిచాయి. ఆ భక్తితోనే నూనె, సున్నం, రంగులు పొరలుపొరలుగా పేరుకుని రౌతు పాదం దగ్గరి గీతలు పూడిపోతున్నాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు కలిసి ఊరూరి వీరగల్లులను ఛాయాచిత్రాలతో, పై ప్రశ్నల పట్టికతో నమోదు చేయడం ఒక విద్యాసంవత్సరంలో మొదలుపెట్టగల పని. అలాగే ప్రాచీన కావ్యాలకు వ్యాఖ్య రాసేవారు పల్లము, పక్కెర, అంకవన్నెలను ‘గుర్రపు సామాను’ అని ఒక్క మాటతో దాటవేయకుండా వస్తువును చూపి అర్థం చెప్పాలి. అప్పుడు మరొక విద్యార్థి నాలాగా గుర్రాన్ని పల్లంలోకి దించడు.