హువా హిన్ తీరమున సంక్రాంతి

థాయిలాండు ప్రజలు ఏప్రిలు 13వ తేదీన ఆరంభించి మూడు దినములు జరుపుకొను నూతన సంవత్సర పర్వమునకు 'సొంగ్‌క్రాన్' అని పేరు. ఆ మాటను రెండుమారులు బిగ్గరగా పలికినచో అందు దాగియున్న మన 'సంక్రాంతి' తానే బయటపడును. మనకు మకర సంక్రమణము పెద్దపండుగ. వారికి మేష సంక్రమణము. మూడవనాటిని వారు 'తలెంగ్ సొక్' అందురు. ఆ 'సొక్' మన 'శకము'. పదములు ఓడలెక్కి పరదేశములకు పోయి, అచటి ఉచ్చారణను వేషముగా ధరించి, ఊరివారితో కలిసిపోవుట భాషాచరిత్ర నెరిగినవారికి వింత గాదు. ఆ వేషము వెనుక పండుగ ఎంత నిలిచినది, ఎంత మారినది అన్నదే చూడవలసినది. అందుకు హువా హిన్ తగిన తావు.

బ్యాంకాకు నగరమునకు నైరృతిగా ఇంచుమించు 200 కిలోమీటర్ల దూరమున, సయాము సింధుశాఖ పడమటి ఒడ్డున హువా హిన్ పట్టణమున్నది. ఆ పేరునకు 'రాతి తల' అని అర్థము; ఇసుకతీరము కొనయందు సముద్రములోనికి చొచ్చుకొనిన గండశిలలే ఆ తల. ఒకప్పుడిది బెస్తపల్లె. 1911 ప్రాంతమున రైలుమార్గము వచ్చినది. 1923లో రైల్వేవారి హోటలును, మరుసటి సంవత్సరము స్టేషను పక్కనే గోల్ఫు మైదానమును వెలసినవి. ఏడవ రామరాజు ప్రజాధిపోకు ఇచట కడలి యొడ్డున వేసవి విడిది కట్టించి 'క్లై కంగ్‌వొన్' అని పేరిడెను. 'చింతలకు దూరము' అని దాని భావము. విధి చమత్కారమేమనగా, 1932 జూన్ 24న రాజధానిలో విప్లవము చెలరేగి నిరంకుశ రాజరికము అంతరించినప్పుడు రాజు ఈ 'చింతలకు దూర'మైన మందిరమునందే యుండెను. గోల్ఫు ఆడుచుండగా వార్త అందినదని చెప్పుకొందురు.

ఇక సొంగ్‌క్రాన్. దాని పుట్టుకను గూర్చి ఒక కథ కలదు. బ్యాంకాకులోని వాట్ పో దేవాలయమున శిలాఫలకములపై దానిని చెక్కించిరి. ధర్మపాలుడను బాలుడు పక్షుల భాష నెరిగిన మేధావి. కపిల బ్రహ్మ వానిని పరీక్షింపవచ్చి, మనుష్యుని శ్రీ ఉదయమున ఎచట, మధ్యాహ్నమున ఎచట, సాయంకాలమున ఎచట నుండునని అడిగెను. ఏడు దినములు గడువు. ఓడినవాడు తల ఇచ్చుకోవలెను. గడువు తీరవచ్చుచుండగా బాలుడొక తాటిచెట్టు క్రింద పడియుండి, పైనున్న గ్రద్దల జంట సంభాషణ వినెను. ఉదయమున ముఖమునందు, మధ్యాహ్నమున వక్షమునందు, సాయంకాలమున పాదములందు. అందుకే జనులు ఆయా వేళల ముఖము కడుగుకొందురు, రొమ్మున పరిమళజలము చల్లుకొందురు, కాళ్ళు కడుగుకొందురు. ఓడిన బ్రహ్మ తన తల నిచ్చెను. కాని ఆ తల నేలపై బడిన లోకము దగ్ధమగును, సముద్రమున బడిన నీరింకిపోవును. కనుక ఆయన ఏడుగురు కుమార్తెలు, వారమునకొకతె చొప్పున, ఏటికొకరు ఆ శిరస్సును మేరువునకు ప్రదక్షిణముగా మోసికొనిపోవుదురు. బేతాళ కథలు వినిన తెలుగువారికి ఈ పందెము, ఈ పక్షులు క్రొత్తవి గావు. సూర్యుని రాశిసంక్రమణమును ఇంతకంటె చక్కగా కథ గట్టుట కష్టము.

ఆ కథలోని పరిమళజలమే పండుగకు ప్రాణము. ఉదయమున బుద్ధవిగ్రహములకు అభిషేకము. పిదప పెద్దల అరచేతులపై సువాసనగల నీరు మెల్లగా పోసి ఆశీస్సు లందుట. దేవాలయ ప్రాంగణములందు ఇసుకతో చిన్న స్తూపములు కట్టి జెండాలు గ్రుచ్చుదురు. ఏడాది పొడుగున భక్తుల పాదములకంటి వెలుపలికి పోయిన ఇసుకను ఆనాడు గుడికి తిరిగి ఇచ్చుకొందురట! అప్పు తీర్చు పద్ధతులలో ఇంత సున్నితమైనది అరుదు.

మధ్యాహ్నమునకు దృశ్యము మారిపోవును. బిందెలు, గొట్టములు, నీటితుపాకులు వీధికెక్కును. తెల్లని సుద్దమన్ను కలిపిన నీరు చెంపలకు పూయుదురు. పరిచితుడు, అపరిచితుడు అను భేదము లేదు. తడియని వాడు ఉండడు. పట్టాయా ప్రాంతమున ఈ జలకేళి 19వ తేదీ దాక సాగును. హువా హిన్‌లో మాత్రము ప్రధానముగా 13వ తేదీ ఒక్కనాటితో సరిపుచ్చుకొందురు. ఇది మెచ్చదగిన నిగ్రహము. ఏలయన, ఈ పండుగవారమును దేశప్రభుత్వము 'ఏడు అపాయ దినములు' అని పిలిచి, రహదారులపై ప్రాణములు కోల్పోయినవారిని దినదినము లెక్కించి ప్రకటించుచుండును. 2023 డిసెంబరులో యునెస్కో సంస్థ ఈ పర్వమును మానవజాతి సాంస్కృతిక వారసత్వముల పట్టికలో చేర్చినది. చేర్చినది అరచేతిలో పోసిన నీటినా, తుపాకితో కొట్టిన నీటినా అని తరచి అడుగువారున్నచో వారి ప్రశ్న అనుచితము కాదు.

పండుగలు పంచాంగము ననుసరించును; క్రీడలు గాలి ననుసరించును. తొమ్మిదవ రామరాజు భూమిబలుడు పడవలను తన చేతులతో తానే నిర్మించుకొను అలవాటు గలవాడు. 1966 ఏప్రిలు 19న ఆయన తెల్లవారకముందే హువా హిన్ నుండి ఏకాకిగా చిన్న తెరచాప పడవలో బయలుదేరి, సింధుశాఖను అడ్డముగా దాటి, దాదాపు 60 నాటికల్ మైళ్ళ ఆవలనున్న సత్తహీపు తీరమును రాత్రికి చేరెను. మరుసటి సంవత్సరము జరిగిన ఆగ్నేయాసియా ద్వీపకల్ప క్రీడలలో ఆయనయు, ఆయన కుమార్తె ఉబోల్‌రతనయు పడవపందెమున సమానముగా నిలిచి స్వర్ణపతకమును పంచుకొనిరి. ఆ డిసెంబరు 16 నేడు వారి జాతీయ క్రీడాదినము. హువా హిన్‌లో జరుగు తెరచాప పడవల పందెములు ఆ రాజనావికుని గౌరవార్థము ఏర్పడినవే. ఆయన సాక్సోఫోను వాద్యమునందు ప్రియుడగుట చేత, తీరమున జాజ్ సంగీతోత్సవములు కూడ నెలకొన్నవి.

అన్నిటికంటె వింతగొలిపినది, వివాదము రేపినది, ఏనుగుల పోలో. గుఱ్ఱములపై ఆడు పోలోను ఇంగ్లీషువారు మన మణిపురమునుండి నేర్చుకొనిరి. ఏనుగులపై ఆడు వినోదము 1982లో నేపాళమున క్రీడాసంఘ రూపము దాల్చెను. మొదట కాలిబంతితో ఆడజూడగా ఏనుగులు దానిని త్రొక్కి పగులగొట్టెనట. 2001లో ఈ ఆట హువా హిన్‌కు వచ్చి రాజకప్పు పేర జరిగినది. ఒక్కొక్క ఏనుగుపై ఇద్దరు: మావటి నడుపును, ఆటగాడు పొడవైన కఱ్ఱతో బంతిని కొట్టును. పురుషులు ఒంటిచేతితోనే కొట్టవలెను. స్త్రీలకు రెండు చేతులును అనుమతి. ఏనుగు గోలుకు అడ్డముగా పరుండరాదు, తొండముతో బంతిని ఎత్తరాదు. ఇట్టి నిబంధనలు వ్రాయవలసి వచ్చినదన్న, ఏనుగుల బుద్ధిబలము ఎంతటిదో ఊహించుకొనవచ్చును.

నవ్వు పుట్టించు ఈ ఆట వెనుక నవ్వరాని కథ యున్నది. 1988 నవంబరున దక్షిణ థాయిలాండులో వరదలు వచ్చి, చెట్లు నరికిన కొండచరియలు విరిగిపడి, వందలాది ప్రజలు మరణించిరి. 1989 జనవరిలో ప్రభుత్వము అడవులలో కలప కొట్టుటను నిషేధించెను. అడవికి మేలు జరిగినది. దుంగలు లాగి బ్రదికిన ఏనుగులకు, వాని మావటులకు కూడు పోయినది. వారు నగరముల వీథులలో అరటిపండ్లు, చెఱకు ముక్కలు అమ్ముకొనుచు భిక్షాటనమునకు దిగిరి. పోలో నిర్వాహకులు అట్టి ఏనుగులను కొన్నాళ్ళు చేరదీసి మేతయు, వైద్యమును సమకూర్చి, వసూలైన ధనమును గజసంరక్షణకు వెచ్చించితిమని చెప్పిరి. జంతుహితైషులు మావటులు ఏనుగులను కొట్టు చిత్రములను బయటపెట్టిరి. 2018లో బ్యాంకాకున జరిగిన పోటీయే తుదిది. దెబ్బలు తగ్గినందుకు సంతోషింపవలసినదే. అయితే ఆ మేత ఎవరు పెట్టవలెనను ప్రశ్న మిగిలియే యున్నది. 2020లో మహమ్మారి వలన యాత్రికులు రాకుండుటతో, ఉత్తరమున చియాంగ్ మై ప్రాంతమునుండి నూరుకు పైగా ఏనుగులు మావటుల వెంట కొండదారుల నడచి స్వగ్రామములకు పోవలసి వచ్చెను.

వానలు వెనుకబట్టిన పిదప, వారి పండ్రెండవ చాంద్రమాస పూర్ణిమ నాడు, అనగా సాధారణముగా మన కార్తిక పౌర్ణమికే, 'లొయ్ క్రథొంగ్' వచ్చును. అరటిబోదె ముక్కపై అరటాకు మడతలు గ్రుచ్చి, పూవులు, అగరువత్తి, క్రొవ్వొత్తి, ఒక నాణెము నుంచి నీట విడుతురు. ఎవరికి? 'మే ఖొంగ్‌ఖా'కు. గంగమ్మతల్లికే! పోలి పాడ్యమినాడు తెల్లవారుజామున అరటిదొప్పలలో దీపములు వదలు తెలుగు ఆడుబిడ్డలు ఆ ఒడ్డున నిలిచినచో క్రొత్తగా నేర్వవలసినది స్వల్పము. ఈ ఆచారమును సుఖోదయ రాజ్యకాలపు నొప్పమాసు అను వనిత కల్పించెనని ప్రతీతి. ఆమె పేర వెలసిన గ్రంథము బ్యాంకాకు రాజుల కాలపు రచన యని పండితులు తేల్చినను పండుగ దానిని పట్టించుకొనలేదు. నడుమ కొంతకాలము కరగని కృత్రిమపు నురుగుదిమ్మలు వచ్చి నీటిని చెఱచినవి. ఇటీవల చేపలు తినుటకు వీలుగా రొట్టెతో చేయువారు కూడ కలరు.

నదిలో విడిచిన దీపము దూరముగా సాగిపోవును. హువా హిన్‌లో విడుచునది సముద్రమున. అల దానిని లోనికి తీసికొనదు. మరల తెచ్చి ఒడ్డునకే చేర్చును. విడిచినవారు మోకాలిలోతున నిలిచి మరల త్రోయుదురు. వత్తి ఆరిపోయిన దొప్పలు ఇసుకపై వరుసగా నిలుచును. పిల్లలు నీటిలో దిగి వానిని వెదకుదురు, నాణెముల కొఱకు.